రెబెకా క్లార్క్, ఆమె వయోలా: తరచుగా అడిగే ప్రశ్నలు

రెబెకా క్లార్క్ పేరు ఎత్తగానే పాశ్చాత్య సంగీతం వినేవాళ్ళు "ఆ సొనాటా రాసినావిడ కదా" అంటారు. అది నిజమే, 1919లో వయోలా, పియానోలకి ఆమె రాసిన మూడు భాగాల రచన అది. కానీ ఆమెకి దాదాపు ముప్ఫయ్యేళ్ళు అన్నం పెట్టింది సొనాటా కాదు, వయోలా. ఆమె గురించి రాసేవాళ్ళు ఎక్కువగా రచనల జాబితా చెప్పి ఊరుకుంటారు. అద్దె కట్టడానికి రోజూ వాయిద్యం పెట్టె పట్టుకుని రిహార్సల్‌కి వెళ్ళిన మనిషి ఆ జాబితాలో కనిపించదు. ఆ మనిషి గురించి వచ్చే ప్రశ్నలకి నాకు తెలిసిన జవాబులు ఇవి.

రెబెకా క్లార్క్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

1886 ఆగస్టు 27న లండన్‌ను ఆనుకుని ఉన్న హారోలో పుట్టింది. 1979 అక్టోబరు 13న న్యూయార్క్‌లో పోయింది. ఈ 93 ఏళ్ళలో వయోలా వాయించింది, పాటలకి స్వరాలు కట్టింది, ఛేంబర్ సంగీతం (కొద్దిమంది కలిసి వాయించేది) రాసింది. కొన్నాళ్ళు ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే ఉద్యోగం కూడా చేసింది.

బ్రిటిష్ అనాలా, అమెరికన్ అనాలా?

తండ్రి అమెరికన్, తల్లి జర్మన్, పుట్టి పెరిగింది ఇంగ్లండ్‌లో. వృత్తి జీవితంలో పెద్ద భాగం లండన్‌లో గడిచింది, చివరి నలభై ఏళ్ళు అమెరికాలో. రెండు దేశాల వాళ్ళూ మావిడే అంటారు. వాయిద్యకారిణిగా చూస్తే మాత్రం లండన్ మనిషనే చెప్పాలి. చదువు, గురువు, ఆర్కెస్ట్రా, బృందం అన్నీ అక్కడివే.

వయోలా అంటే వయొలినేగా?

కాదు. చూడ్డానికి అలాగే ఉంటుంది, పట్టుకునేది కూడా భుజం మీదే, కానీ ఒళ్ళు కాస్త పెద్దది. వయొలిన్ ఒళ్ళు సుమారు 14 అంగుళాలుంటే వయోలా పదిహేను నుంచి పదిహేడు అంగుళాల దాకా ఉంటుంది. వయొలిన్ తంతులు జి, డి, ఎ, ఇ. వయోలాకి పైనున్న ఇ ఉండదు, అడుగున సి చేరుతుంది. అంటే ఒక పంచమం దిగువకి దిగుతుంది.

అసలు తమాషా ఏమిటంటే, అంత దిగువ స్వరాలు నిండుగా పలకాలంటే పెట్టె ఇంకా పెద్దది కావాలి. అంత పెద్దదైతే భుజం మీద ఆనదు, చెయ్యి అందదు. అందుకని వయోలా ఎప్పుడూ ఒక రాజీ వాయిద్యమే. ఆ రాజీ వల్లే దాని గొంతులో కాస్త జీర, కాస్త మసక ఉంటాయి. కొందరికి అది లోపంగా వినిపిస్తుంది. నాకైతే పక్కగదిలోంచి మాట్లాడుతున్న మనిషి గొంతులా వినిపిస్తుంది.

మనవాళ్ళకి ఈ వాయిద్యం కొత్తేమీ కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు గాత్రంతోపాటు వయోలా కూడా వాయించేవారు.

ఆ రోజుల్లో వయోలాకి విలువ లేదంటారు. నిజమా?

చాలావరకు నిజమే. స్ట్రింగ్ క్వార్టెట్‌లో రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో (కూర్చుని మోకాళ్ళ మధ్య పట్టుకునే పెద్ద తంతి వాయిద్యం) ఉంటాయి. పాట మొదటి వయొలిన్‌ది, ఆధారం చెల్లోది. వయోలాది ఉమ్మడి కుటుంబంలో నడిపి కొడుకు పరిస్థితి: పనంతా చేస్తాడు, పేరు మాత్రం పెద్దవాడికో చిన్నవాడికో పోతుంది. ఆర్కెస్ట్రాల్లో అయితే వయొలిన్‌లో నెగ్గుకురాలేనివాళ్ళని, చెయ్యి అలిసిపోయిన పెద్దవాళ్ళని వయోలా వరసలో కూర్చోబెట్టేవారు. సోలో వాయిద్యంగా దానికి రాసిన సంగీతం కూడా అంతంతమాత్రమే.

ఈ పరిస్థితిని బ్రిటన్‌లో మొండిగా మార్చినవాడు లియొనెల్ టర్టిస్. 1876లో పుట్టి 1975 దాకా బతికాడు. వయోలా కూడా ముందువరసలో నిలబడి వాయించదగ్గ వాయిద్యమేనని కచేరీ తర్వాత కచేరీ చేసి ఒప్పించాడు, స్వరకర్తల వెంటపడి కొత్త రచనలు రాయించాడు. క్లార్క్ వయోలా నేర్చుకుంది ఆయన దగ్గరే.

ఇంట్లో సంగీతం ఉండేదా?

ఉండేది. దాంతోపాటు దెబ్బలు కూడా ఉండేవి. తండ్రి జోసెఫ్ థాచర్ క్లార్క్ కొడాక్ కంపెనీకి పనిచేసేవాడు, సరదాకి చెల్లో వాయించేవాడు. ఇంట్లోనే కచేరీ చేసుకోవాలని పిల్లలకి వాయిద్యాలు నేర్పించాడు. తమ్ముడికి వయొలిన్ చెప్పిస్తుంటే రెబెకా కూడా పక్కన చేరి నేర్చుకుంది. అదే తండ్రి చిన్న తప్పుకి కూడా ఉక్కు స్కేలుతో కొట్టేవాడు. ఎనభై ఏళ్ళు దాటాక ఆమె బాల్యం గురించి ఒక జ్ఞాపకాల పుస్తకం రాసుకుంది. అందులో ఈ సంగతులన్నీ దాపరికం లేకుండా చెప్పింది.

రాయల్ అకాడమీ చదువు మధ్యలో ఎందుకు ఆగిపోయింది?

1903లో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో వయొలిన్ విద్యార్థిగా చేరింది. అక్కడ హార్మొనీ (స్వరాలు కలిపి పలికించే శాస్త్రం) చెప్పే పెర్సీ హిల్డర్ మైల్స్ 1905లో ఆమెని పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. సంగతి తెలిసి తండ్రి ఆమెని అకాడమీ మాన్పించేశాడు. అడిగిందేమో మాస్టారు, చదువు ఆగిందేమో అమ్మాయిది. ఇలాంటి కథలు మన దగ్గర కూడా కొల్లలు కాబట్టి వివరించక్కర్లేదు.

ఆ మైల్స్ 1922లో చనిపోతూ తన స్ట్రాడివేరియస్ (ఇటలీలో స్ట్రాడివరీ చేసిన, ఎంతో విలువైన) వయొలిన్‌ని ఆమె పేర రాసిపోయాడు. అప్పటికి ఆమె వయొలిన్ వదిలి చాలా కాలమైంది. ఆ వయొలిన్ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

మరి వయోలా ఎప్పుడు పట్టింది? ఎవరు చెప్పారు?

తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరింది. ఇది వేరే సంస్థ, పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది కలిపేస్తుంటారు. అక్కడ చార్ల్స్ విలియర్స్ స్టాన్‌ఫర్డ్ దగ్గర స్వరరచన నేర్చుకుంది. ఆయన దగ్గర ఆ పాఠం చెప్పించుకున్న మొదటి తరం ఆడపిల్లల్లో ఆమె ఒకతె.

వయొలిన్ మానేసి వయోలా పట్టమని సలహా ఇచ్చింది ఆయనే. కారణం కూడా చెప్పాడట: వయోలా వాయిస్తే శబ్దానికి సరిగ్గా నడిమధ్యన కూర్చుంటావు, పైనేం జరుగుతోందో కిందేం జరుగుతోందో అంతా తెలుస్తుంది, సంగీతం ఎలా కట్టారో లోపల్నుంచి అర్థమవుతుంది. ఆమె జీవితంలో విన్న సలహాల్లో ఇంతకన్నా పనికొచ్చింది ఇంకోటి లేదేమో. నడిపివాడి చోటే మంచి చోటని చెప్పాడు మరి. స్టాన్‌ఫర్డ్ ఉద్దేశం మంచి స్వరకర్తను తయారుచెయ్యడం. జరిగింది మాత్రం అంతకంటే ఎక్కువ: ఆ సలహా త్వరలోనే ఆమెకి బతుకుతెరువైంది.

తండ్రి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడంటారు. ఏం జరిగింది?

1910లో. తండ్రికి బయట సంబంధాలుండేవి. అది తప్పని కూతురు మొహమ్మీదే అనేసింది. ఇంట్లోంచి నడవమన్నాడు, డబ్బు ఆపేశాడు. ఫీజు కట్టే దారి లేక రాయల్ కాలేజ్ కూడా మధ్యలోనే ఆగిపోయింది. అంటే రెండు గొప్ప సంస్థల్లో చదివి రెండింటినీ పూర్తి చెయ్యలేకపోయింది, రెండుసార్లూ కారణం తండ్రే.

అప్పటికి ఆమెకి ఇరవైనాలుగేళ్ళు. చేతిలో ఉన్న ఆస్తి వయోలా ఒక్కటే. 1910 నాటి లండన్‌లో ఒంటరి ఆడది, అదీ సంపన్న పరిచయాలు పెద్దగా లేనిది, పిల్లలకి పాఠాలు చెప్పుకుని కాకుండా వాయించి బతకాలనుకోవడం మామూలు తెగింపు కాదు. ఆమెకి కలిసొచ్చింది ఒకటే: మంచి వయొలినిస్టులు వీధికొకరు, మంచి వయోలిస్టులు అరుదు. నలుగురు కలిసి వాయించాలంటే ఒక వయోలా ఉండి తీరాలి. కాబట్టి పిలుపులు వచ్చాయి.

ఆర్కెస్ట్రాలో ఉద్యోగం చేసిన తొలి మహిళల్లో ఒకరన్నది నిజమేనా?

నిజమే. లండన్ క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రా కండక్టర్, అంటే ముందు నిలబడి అందరినీ నడిపించేవాడు, హెన్రీ వుడ్. 1895 నుంచి ప్రామ్స్ అనే పేరున్న కచేరీల వరస నడిపించినవాడు ఈయనే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే, 1913లో, తన స్ట్రింగ్ విభాగంలోకి ఆరుగురు ఆడవాళ్ళని తీసుకున్నాడు. ఆ ఆరుగురిలో క్లార్క్ ఉంది.

అంతకుముందు ఆడవాళ్ళు వాయించలేదని కాదు. సోలో వయొలినిస్టులుగా వేదికెక్కారు, ఆడవాళ్ళే ఉన్న ఆర్కెస్ట్రాలు నడిచాయి, హార్ప్ దగ్గర ఒకరు కనిపించేవారు. కానీ మగవాళ్ళ పక్క కుర్చీలో, అదే పనికి, జీతానికి కూర్చోవడం వేరు. సోలో కళాకారిణి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయే అతిథి. ఆర్కెస్ట్రా ఉద్యోగి ఇంకొకడి జీతం తీసుకుంటున్న మనిషి. గొడవంతా అక్కడే. వియన్నా ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రా ఆడవాళ్ళని సభ్యులుగా ఒప్పుకున్నది 1997లో అని గుర్తుచేసుకుంటే హెన్రీ వుడ్ ఎంత ముందున్నాడో తెలుస్తుంది.

వాళ్ళు వాయించిన క్వీన్స్ హాల్ ఇప్పుడు లేదు. 1941లో జర్మన్ బాంబులకి కాలిపోయింది.

ఆర్కెస్ట్రా కాక ఇంకేం వాయించేది?

ఆమె మనసంతా ఛేంబర్ సంగీతం మీదే. ముగ్గురో నలుగురో అయిదుగురో, ఒక్కొక్కరికి ఒక్కో స్వరపంక్తి, కండక్టర్ ఉండడు. కనుసైగతో, ఊపిరి తీసుకునే తీరుతో ఒకరినొకరు పట్టుకుని వాయించాలి. మన కచేరీలో మృదంగం, వయొలిన్ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ సాగినట్టే, కాకపోతే ఇక్కడ ప్రతి స్వరం ముందే కాగితం మీద ఉంటుంది.

ఆమెతో కలిసి వాయించినవాళ్ళ పేర్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి: చెల్లోలో పాబ్లో కసాల్స్, వయొలిన్‌లో జాక్ తిబో, పియానోలో ఆర్తర్ రూబిన్‌స్టయిన్, ఆర్తర్ ష్నాబెల్, మైరా హెస్. వీళ్ళంతా మూడోవరస వయోలిస్టుని భరించే రకం కాదు.

అందరికన్నా దగ్గరి తోడు చెల్లో కళాకారిణి మే ముక్లే. ఇద్దరూ కలిసి ఇంగ్లండ్‌లో, అమెరికాలో, హవాయిలో వాయించారు. 1922-23లో బ్రిటిష్ వలసరాజ్యాల మీదుగా ప్రపంచ యాత్ర చేశారు. చెల్లో పెట్టెతో ఒకరు, వయోలా పెట్టెతో ఒకరు, ఓడల మీద నెలల తరబడి ప్రయాణం. ఇద్దరే ఉన్నప్పుడు వాయించుకోవడానికి వయోలా, చెల్లో జంటకి రచనలు పెద్దగా లేవు కాబట్టి క్లార్క్ తనే రాసింది. "లల్లబీ", "గ్రొటెస్క్" అలా పుట్టినవే. ఆమె రచనల్లో చాలా వాటి వెనక ఇదే కథ: వేదిక మీద ఏదో అవసరం, దానికి తగ్గ రచన.

ఆంథనీ ట్రెంట్ ఎవరు?

ఎవరూ కాదు, అదే సంగతి. 1916లో క్లార్క్ అమెరికా వెళ్ళింది. 1918లో న్యూయార్క్ ఈయోలియన్ హాల్‌లో మే ముక్లేతో కలిసి ఒక కచేరీ చేసింది. వాయించేదీ తనే, కొన్ని రచనలూ తనవే. కార్యక్రమం కాగితం నిండా తన పేరే ఉంటే బాగుండదనుకుంది. "మార్ఫియస్" అనే వయోలా, పియానో రచన కింద ఆంథనీ ట్రెంట్ అనే పేరు పెట్టింది. ట్రెంట్ అనేది ఇంగ్లండ్‌లో ఒక నది పేరు.

పత్రికలవాళ్ళు ట్రెంట్ అనే ఆ లేని పెద్దమనిషిని మెచ్చుకున్నారు. క్లార్క్ పేరుతో ఉన్నవాటిని దాదాపు పట్టించుకోలేదు. ఈ ముచ్చట ఆమె ముసలితనంలో కూడా నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వులో ఎంత మంట ఉందో మనం ఊహించుకోవచ్చు. ట్రెంట్ ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. "మార్ఫియస్" అచ్చయింది మాత్రం ఆమె పోయాక చాలా ఏళ్ళకి, 2002లో, ఆమె సొంత పేరుతోనే.

1919 పోటీలో అసలు ఏం జరిగింది? ఆమెకి అన్యాయం జరిగిందా?

ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిడ్జ్ అనే సంపన్నురాలు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం పిట్స్‌ఫీల్డ్‌లో ఛేంబర్ సంగీతోత్సవం నడిపేది. 1919లో వయోలా, పియానో రచనలకి వెయ్యి డాలర్ల బహుమతితో పోటీ పెట్టింది. డెబ్భైకి పైగా రచనలు వచ్చాయి. పేర్లు లేకుండా పంపాలి, అసలు పేరు సీలు కవర్లో ఉంటుంది.

ఆరుగురు న్యాయనిర్ణేతలు. చివరికి రెండు రచనలు మిగిలితే ఓట్లు మూడు, మూడుగా చీలాయి. కూలిడ్జ్ తన ఓటుతో తేల్చింది. గెలిచిన రచన ఎర్నెస్ట్ బ్లాక్ "సూట్". ఇంతటితో కవర్లు కట్టేయాలి. కానీ రెండో రచన ఎవరిదో తెలుసుకోనిదే వెళ్ళేది లేదని న్యాయనిర్ణేతలు పట్టుబట్టారు. కవరు తెరిస్తే రెబెకా క్లార్క్. ఆ రచనే ఆమె వయోలా సొనాటా. ఆడమనిషి రాసిందని తెలిసినప్పుడు వాళ్ళ మొహాలు చూసితీరాల్సిందని కూలిడ్జ్ తర్వాత ఆమెతో అందట.

ఆ పైన పుకార్లు మొదలయ్యాయి. రెబెకా క్లార్క్ అనే మనిషే లేదన్నారు. బ్లాకే రెండు రచనలు పంపాడు, అది ఆయన మారుపేరన్నారు. మగవాడు మారుపేరు కావాలనుకుంటే ఆడపేరు ఎందుకు పెట్టుకుంటాడని క్లార్క్‌కి నవ్వొచ్చింది. నిరుడేమో లేని మగవాణ్ణి ఉన్నాడనుకున్నారు, ఈ ఏడు ఉన్న ఆడదాన్ని లేదన్నారు.

అన్యాయమా అంటే, నా మటుకు నాకు అలా అనిపించదు. బ్లాక్ "సూట్" నిజంగా గొప్ప రచన. పేర్లు తెలియకుండా వేసిన ఓట్లు అవి. మనసుకి పట్టేది ఓడిపోవడం కాదు, కవరు తెరిచాక నడిచిన వ్యవహారం. పేరు లేనంతసేపు సమవుజ్జీ, పేరు కనబడగానే అనుమానం.

ఆ సొనాటాలో అంత ఏముంది? ఎలా వినాలి?

మూడు భాగాలు, మొత్తం ఇరవై నిమిషాల పైచిలుకు. పేజీ నెత్తిన ఫ్రెంచి కవి ఆల్ఫ్రెడ్ ద ముస్సే పంక్తులు రెండు ఉంటాయి. వాటి సారం: కవీ, నీ వాద్యం అందుకో, యౌవన మధువు ఈ రాత్రి దేవుడి నరాల్లో పొంగుతోంది.

మొదటి భాగం పేరు "ఇంపెటుఓసో", అంటే దూకుడుగా అని. పియానో కొన్ని స్వరాలు ఒకేసారి మోగించి పట్టి నిలబడితే దాని మీద వయోలా ఒంటరిగా బాకా ఊదినట్టు ఎత్తుకుంటుంది. తెర లేవగానే నడిపివాడు వేదిక మధ్యకొచ్చి గొంతెత్తాడన్నమాట. వయోలాని బాగా ఎరిగినవాళ్ళకే ఇది తడుతుంది. ఏ తంతి మీద ఏ స్వరం ఎలా మోగుతుందో ఆమెకి వేళ్ళలో తెలుసు. అడుగు సి తంతి బొంగురు గొంతు, పై ఎ తంతి మీద కాస్త ముక్కుతో పలికే తీరు, రెండింటినీ పాత్రల్లా వాడుకుంది.

రెండో భాగం "వివాచే", చురుకైన ఆట. కమాను పక్కనపెట్టి వేలితో మీటడం, తంతిని తేలిగ్గా తాకి ఈల లాంటి స్వరాలు తియ్యడం, అంతా మూడు నాలుగు నిమిషాల్లో మెరిసి మాయమవుతుంది. మూడోది "అదాజియో", నెమ్మది. పియానో ఒక్కటే జోలపాట లాంటి చిన్న మెట్టుతో మొదలుపెడుతుంది, వయోలా తర్వాత చేరుతుంది. చివర్లో మొదటి భాగం పిలుపు తిరిగొస్తుంది, ఈసారి దూరం నుంచి.

మొదటిసారి వినేవాళ్ళకి నా సలహా: మూడో భాగం ముందు వినండి. సంగీతం మేష్టార్లు ఒప్పుకోరు, అయినా సరే. అది పట్టుకుంటే మిగతావి వాటంతట అవే దారికొస్తాయి.

తొలిసారి వాయించినవాళ్ళు లూయీ బయీ వయోలా మీద, హెరాల్డ్ బావర్ పియానో మీద, 1919 సెప్టెంబరులో అదే ఉత్సవంలో. 1921లో అచ్చయినప్పుడు వయోలా లేకపోతే చెల్లో మీద కూడా వాయించుకోవచ్చని ముఖపత్రం మీదే రాశారు. వయోలా వాయించేవాళ్ళు ఎంత తక్కువో ప్రచురణకర్తలకి తెలుసు మరి.

పోటీ తర్వాత దశ తిరిగిందా?

కొంత. 1921లో అదే పోటీకి పియానో ట్రియో (పియానో, వయొలిన్, చెల్లోలకి రాసిన రచన) పంపితే మళ్ళీ రెండో స్థానం. 1923లో కూలిడ్జ్ స్వయంగా డబ్బిచ్చి చెల్లో, పియానోలకి "రాప్సొడీ" రాయించుకుంది. దాన్ని మే ముక్లే, మైరా హెస్ వాయించారు. 1925లో లండన్ విగ్మోర్ హాల్‌లో ఆమె రచనలతోనే ఒక కచేరీ జరిగింది. ఈ నాలుగైదేళ్ళే ఆమె స్వరకర్తగా నలుగురి నోళ్ళలో నానిన కాలం. ఆ తర్వాత రాయడం తగ్గింది. వాయించడం మాత్రం పెరిగింది.

ఇంగ్లిష్ ఎన్సెంబుల్ అంటే ఏమిటి?

1924 నాటికి ఆమె లండన్ తిరిగొచ్చి స్థిరపడింది. 1927లో నలుగురు ఆడవాళ్ళు కలిసి పెట్టిన పియానో క్వార్టెట్ ఇది: వయొలిన్ మీద మార్జరీ హేవర్డ్, వయోలా మీద క్లార్క్, చెల్లో మీద మే ముక్లే, పియానో మీద కేథలీన్ లాంగ్. నలుగురూ అప్పటికే పేరున్న కళాకారిణులు. కచేరీలు, యాత్రలు, అప్పుడప్పుడే కాళ్ళూనుకుంటున్న బీబీసీ రేడియోలో ప్రసారాలు. ఆ రోజుల్లో రేడియో స్ట్రింగ్ కళాకారులకి కొత్త ఆదాయమార్గం. హాలు నిండకపోయినా ఫీజు అందేది.

ఆమె వృత్తి జీవితంలో అత్యంత నిలకడైన దశ ఇదే. కానీ వాయిద్యకారుల దురదృష్టం ఇది: స్వరకర్తకి కాగితం మిగులుతుంది, వాయించినవాళ్ళకి ఆ సాయంత్రంతోనే అంతా అయిపోతుంది. ఆమె రచనల మీద పుస్తకాలొచ్చాయి. ఇంగ్లిష్ ఎన్సెంబుల్ పాత కార్యక్రమాల కాగితాల్లో ఉండిపోయింది.

వయోలా గురించి ఏమైనా రాసిందా?

రాసింది. "మ్యూజిక్ అండ్ లెటర్స్" పత్రిక 1923 జనవరి సంచికలో క్వార్టెట్ రచనల్లో వయోలా చరిత్ర మీద వ్యాసం రాసింది. పద్ధెనిమిదో శతాబ్దపు స్వరకర్త హైడన్ కాలం నుంచి తన కాలం దాకా నడిమి గొంతుకి ఎవరెవరు ఏ పని అప్పగించారన్నది దాని విషయం. ఛేంబర్ సంగీతం మీద డబ్ల్యూ. డబ్ల్యూ. కాబెట్ 1929లో తెచ్చిన పెద్ద విజ్ఞాన సర్వస్వంలో బ్లాక్ గురించిన వ్యాసం కూడా ఆమెదే. తనని ఒక్క ఓటుతో దాటిపోయినవాడి గురించి!

గురువు టర్టిస్ ఆమెకంటే గొప్పగా వాయించేవాడా?

సోలో కళాకారుడిగా టర్టిస్ ఆ కాలానికి సాటిలేనివాడు, పోలిక అనవసరం. అయితే ఆయన అభిరుచికి కూడా హద్దులున్నాయి. విలియం వాల్టన్ ఆయన కోసమని రాసిన వయోలా కన్‌చెర్టోని (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్కరు వాయించే రచన) మరీ కొత్తగా ఉందని తిప్పి పంపేశాడు. 1929లో దాన్ని జర్మన్ స్వరకర్త హిందెమిత్ తొలిసారి వాయించాడు. తర్వాత టర్టిస్ తన పొరపాటు ఒప్పుకుని తనూ వాయించాడు. పెద్ద మనసే.

1939 తర్వాత కనిపించకుండా పోయిందేం?

అమెరికాలో ఉన్న సోదరుల్ని చూడ్డానికి వెళ్ళింది. యుద్ధం మొదలై అక్కడే చిక్కుకుపోయింది. లండన్‌లో బృందం, పరిచయాలు, పిలుపులు అన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. యాభై మూడేళ్ళ వయసులో సోదరుల ఇళ్ళల్లో ఉంటూ మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. "పాసకాలియా", క్లారినెట్, వయోలా జంటకి రాసిన "ప్రెల్యూడ్, అలెగ్రో అండ్ పాస్టొరేల్" రెండూ 1941వి. ఆ రెండోది 1942లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జరిగిన అంతర్జాతీయ సమకాలీన సంగీతోత్సవానికి ఎంపికైంది.

అదే ఏడాది ఆమె కనెటికట్ రాష్ట్రంలో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో చేరింది. కసాల్స్ పక్కన కూర్చుని వాయించిన మనిషి. ఆమె దాన్ని పెద్ద అవమానంగా తీసుకున్నట్టు కనిపించదు. పనిలో దిగితే రాసుకోవడానికి తీరిక దొరకలేదన్నదే అసలు కష్టం.

పెళ్ళి వల్లే సంగీతం మానేసిందా?

ఇది బాగా ప్రచారంలో ఉన్న మాట, పూర్తిగా నిజం కాదు. 1944లో న్యూయార్క్ మాన్‌హాటన్ వీధిలో జేమ్స్ ఫ్రిస్కిన్ అనుకోకుండా ఎదురయ్యాడు. రాయల్ కాలేజ్ రోజుల స్నేహితుడు, పియానో కళాకారుడు, జూలియార్డ్ సంగీత పాఠశాలలో అధ్యాపకుడు. ఆ సెప్టెంబరులోనే పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరికీ యాభై ఎనిమిదేళ్ళు. ఫ్రిస్కిన్ ఆమెని రాయమనే పోరేవాడు. ఆమే రాయలేదు.

ఎందుకని అడిగితే ఆమె చెప్పుకున్న కారణం ఇది: పొద్దున కళ్ళు తెరవగానే మొదటి ఆలోచన, రాత్రి పడుకునేముందు చివరి ఆలోచన అదే అయితే తప్ప రాయలేను. పుట్టింటి నుంచి వెళ్ళగొట్టించుకున్న నాటి నుంచి ముప్ఫై నాలుగేళ్ళు ఒంటరిగా సంపాదించుకుని బతికిన మనిషికి ఆ వయసులో ఇల్లు, తోడు దొరికితే పొద్దున్నే వేరే ఆలోచన రావడంలో వింతేముంది? ఆమె ఆగిపోయిందని బాధపడేవాళ్ళు ఆమె అప్పటిదాకా విశ్రాంతి అన్నదే ఎరగదన్న సంగతి మర్చిపోతారు.

ఆ స్ట్రాడివేరియస్ చివరికి ఏమైంది?

అమ్మేసింది. ఆ డబ్బుతో లండన్ రాయల్ అకాడమీలో మే ముక్లే పేరు మీద బహుమతి పెట్టింది. ఏటా ఒక మంచి చెల్లో విద్యార్థికి ఇస్తారు. లెక్క చూడండి: పెళ్ళి ప్రతిపాదనతో ఆమె చదువు మానడానికి కారణమైన మాస్టారి వయొలిన్, ఆమె పూర్తి చెయ్యలేకపోయిన అదే అకాడమీలో, ఆమె జీవితకాల స్నేహితురాలి పేరుతో ఇంకొకరి చదువుకి ఆసరా అయింది.

మళ్ళీ వెలుగులోకి ఎలా వచ్చింది?

రేడియో పుణ్యం. మైరా హెస్ గురించి కార్యక్రమం చేస్తూ న్యూయార్క్ డబ్ల్యూక్యూఎక్స్ఆర్ రేడియోకి చెందిన రాబర్ట్ షెర్మన్, హెస్‌ని ఎరిగిన ఒక పెద్దావిడని కలిశాడు. మాటల్లో తేలింది ఆవిడ కూడా స్వరకర్తేనని. 1976లో ఆమె తొంభయ్యో పుట్టినరోజుకి ప్రత్యేక ప్రసారం చేశారు. అచ్చులో లేకుండా పోయిన సొనాటా 1980లలో మళ్ళీ అచ్చయింది. 2000లో ఆమె పేరుతో ఒక సొసైటీ ఏర్పడింది. బతికుండగా అచ్చయినవి సుమారు ఇరవై రచనలే. రాసినవి వంద దాకా ఉన్నాయి, సగం పాటలే.

వయోలా నేర్చుకునేవాళ్ళు ఆమె రచనల్లో ఏది ముందు పట్టుకోవాలి?

సొనాటాతో మొదలుపెట్టొద్దు. వేళ్ళకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. "పాసకాలియా" చిన్నది, ఒక పాత ఇంగ్లిష్ మెట్టు మీద కట్టింది, కమాను మీద పట్టు ఎంతుందో నిమిషంలో తేల్చేస్తుంది. తోడుగా చెల్లో వాయించే స్నేహితులుంటే "లల్లబీ", "గ్రొటెస్క్" తియ్యండి. పియానో అక్కర్లేదు, హాలు అక్కర్లేదు, రెండు కుర్చీలుంటే చాలు.